ఏ పచ్చ?

మా మామయ్యకి కళ్ళు పోయాయని ఆయన యజమాని పదకొండు మంది ముందు అన్నాడు. ఆ కళ్ళు అప్పుడూ పోలేదు, ఇప్పుడూ పోలేదు. కానీ ఆ రోజు, గోడవారగా పేర్చిన మూడు వేల కార్డుల కట్టల పక్కన నిలబడి, మామయ్య ఆ మాటకి తలూపాడు. తలూపాడంటే ఒప్పుకున్నాడని. అది నాకు ఇవాళ్టికీ మింగుడు పడలేదు.

"ఇరవై ఆరేళ్ళు చేశావు, కాదనను," అన్నాడు యజమాని. "కానీ కళ్ళు పోయాక రంగుల దగ్గర కూర్చోకూడదయ్యా. ఆకు పచ్చగా ఉంటుందని బళ్ళో చేరని పిల్లలకి కూడా తెలుసు."

వెనక ఎవరో నవ్వారు. నవ్వింది ఎవరో నాకు తెలుసు. రంగు సరిచూసే టెస్టు ముక్క ఎలా కొయ్యాలో వాడికి నేర్పింది మామయ్యే.

ఆయన మా అమ్మకి తమ్ముడు. మేమిద్దరం పనిచేసింది ఫోటోలు ముద్రించే ల్యాబులో. కింద కౌంటరు, మెట్లెక్కితే పైన రెండు గదులు. మొదటిదాంట్లో నేను, ఫోటోలు సరిచేసే సాఫ్ట్‌వేరు ముందు. రెండోదాంట్లో మామయ్య, గోడంత ప్రింటరు, ఉత్తరం వైపు కిటికీ. ల్యాబులో ఆయన్ని ఎవరూ పేరు పెట్టి పిలిచేవారు కాదు. బూడిద మాస్టారు అనేవారు. ఎందుకంటే ఏడాది పొడుగునా ఆయన వేసుకున్నది బూడిద రంగు చొక్కాలే. అవి ఆరు ఉండేవి. ఏది పాతదో ఏది కొత్తదో మా అత్తయ్యకి తప్ప తెలిసేది కాదు.

"మనిషివా, మబ్బువా?" అని అత్తయ్య దెప్పేది. "ఈయన పక్కన నడిస్తే నేను కూడా వెలిసిపోయినట్టు కనిపిస్తాను. పెళ్ళికి పిలిచినా అదే చొక్కా, పరామర్శకి వెళ్ళినా అదే చొక్కా."

"నీ చీర చాలదా మనిద్దరికీ," అనేవాడు మామయ్య.

కారణం నేను పనిలో చేరిన మొదటి వారంలోనే నాకు చెప్పాడు. ఎర్ర చొక్కా వేసుకుని తెర ముందు కూర్చుంటే ఆ ఎరుపు వెళ్ళి తెర మీద పడుతుంది. చేతిలో ఉన్న కాగితం మీదా పడుతుంది. కన్ను కాసేపటికి దానికి అలవాటు పడి, లేని ఎరుపు ఫోటోలో ఉందనుకుంటుంది. తగ్గించేస్తుంది. ఆ ఫోటోలో మనిషి జ్వరం తగిలి లేచినట్టు తయారవుతాడు. బూడిద రంగు ఎవరి పక్షమూ కాదు, అందుకని అది. ఆ గది గోడలకి కూడా బూడిద రంగే వేయించాడు. యజమాని జైలు గదిలా ఉందన్నా వినలేదు.

మామయ్య పదో తరగతి తప్పాడు. చీకటిగదిలో మందునీళ్ళలో కాగితం ముంచే రోజుల్లో పనిలో చేరాడు. ఫిల్ము పోయి కంప్యూటరు వచ్చేసరికి నలభై దాటాయి. ఇంగ్లీషు రాదు, అందుకని సాఫ్ట్‌వేరుని చోటు గుర్తుతో నేర్చుకున్నాడు. మూడో వరసలో నాలుగోది, దాని కింద రెండోది, ఇలా. కొత్త వెర్షను వచ్చి ఆ వరసలు మారినప్పుడల్లా ఇంట్లో గోడలు మార్చినట్టు గింజుకునేవాడు. అప్పుడు నన్ను పిలిచి ఒక్కొక్క మాటకీ అర్థం చెప్పించుకునేవాడు. నేనూ పెద్ద చదివినవాణ్ణి కాదు. కాలేజీ సగంలో వదిలేసి, పాత పుస్తకాల కొట్టులో నిలబడి చదివి నేర్చుకున్నవాణ్ణి. కానీ ఆయన నన్ను పండితుడిలా చూసేవాడు. అదే చివరికి కొంప ముంచింది.

ముద్రించే ముందు సాఫ్ట్‌వేరులో ఒక గడి వస్తుంది. రంగుల సంగతి నేను చూసుకోనా, ప్రింటరు చూసుకోవాలా అని అడుగుతుంది. మామయ్య దానికి పెత్తనం గడి అని పేరు పెట్టాడు.

"పెత్తనం ఒక్కళ్ళకే ఇవ్వాలిరా అల్లుడూ. ఇద్దరికీ ఇచ్చావంటే, అత్తా కోడలూ ఒకళ్ళకి తెలియకుండా ఒకళ్ళు కూరలో ఉప్పేసినట్టే."

ఆ తర్వాత కాగితం. మెరిసే కాగితానికి ఒక లెక్క, గరుకుదానికి ఒక లెక్క. ఏ కాగితం, ఏ సిరా అన్నది సాఫ్ట్‌వేరుకి సరిగ్గా చెబితే, కాగితం మీద రంగు ఎలా పడబోతుందో తెర మీదే ముందుగా చూపిస్తుంది. అలా చూపించినప్పుడు ఫోటో ఒక్కసారిగా చప్పబడిపోతుంది. కొత్తవాళ్ళు అది చూసి హడలిపోయి ఆపేస్తారు. మామయ్య ఆపేవాడు కాదు. "తెర సొంతంగా వెలుగుతుంది. కాగితం కిటికీని అడిగి తెచ్చుకోవాలి. అంత తేడా ఉంటుంది. ఆ చప్పదనం చూసి ఇప్పుడే ఏడిస్తే, ప్రింటు వచ్చాక ఏడవక్కర్లేదు," అనేవాడు.

అదంతా చేశాక కూడా ఆయన దేన్నీ నమ్మేవాడు కాదు. రెండు వేళ్ళ వెడల్పున ఒక పట్టీ ముద్రించేవాడు. సిరా ఆరేదాకా దాని వంక చూసేవాడు కాదు. తర్వాత కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, ట్యూబులైటు ఆపించి, పగటి వెలుతురులో చూసేవాడు. తన కంటికి ఏమనిపించిందో పట్టీ వెనక పెన్సిలుతో రాసేవాడు. దానికి పనిచీటీ గుచ్చి బిస్కెట్ల డబ్బాలో పడేసేవాడు. అలాంటి డబ్బాలు ఆ గదిలో పదిహేనో పదహారో ఉండేవి. ఎందుకు దాస్తావని అడిగితే, "నేనేం చూశానో నాకే గుర్తుండదు కదరా," అన్నాడు.

ఇంత ఒళ్ళు వంచి ఆయన చేసే పని ఏమిటంటే, ఎక్కువగా మొహాలు తెల్లబరచడం. వచ్చినవాళ్ళందరికీ తమ మొహం తప్ప ఇంకేదైనా ఫరవాలేదు. మామయ్య ముందు ఉన్న రంగు ఉన్నట్టు వేసేవాడు. వాళ్ళు కౌంటరు దగ్గర గొడవ పెట్టుకునేవారు. కింద నుంచి యజమాని అరిచేవాడు. మామయ్య మళ్ళీ తెల్లగా వేసేవాడు. ఇరవై ఆరేళ్ళు.

అందుకే ఆకుల కార్డు వచ్చినప్పుడు ఆయన కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాడు.

పంటల పరిశోధన కేంద్రంలో పనిచేసే ఒక మేడమ్ తెచ్చింది ఆ పని. అరచేయంత కార్డు, దాని మీద ఆరు గడులు. మొదటి గడి పాలిపోయిన ఆకు రంగు, ఆరోది ముదురు ఆకు రంగు. రైతు తన వరి ఆకుని ఆ కార్డు పక్కన పెట్టి చూస్తాడు. ఏ గడితో కలిస్తే దాన్నిబట్టి ఎరువు వెయ్యాలా అక్కర్లేదా తెలుస్తుంది. రంగు తప్పితే ఆకలితో ఉన్న పైరుని నిండుగా తిన్నదనుకుంటారు, తిన్నదానికి మళ్ళీ పెడతారు.

"చూశావా," అన్నాడు మామయ్య నాతో. "ఇన్నాళ్ళకి నేను వేసే రంగు ఉన్నది ఉన్నట్టు ఉండాలని అడిగేవాళ్ళు వచ్చారు. ఆకుకి తన మొహం తెల్లగా ఉండాలని లేదురా."

పన్నెండు రోజులు అదే ధ్యాస. సైకిలు మీద పొలాల దాకా వెళ్ళి, ఆకులు తడిగుడ్డలో చుట్టి తెచ్చేవాడు. భోజనం దగ్గర కూర్చుని కంచంలో కూర వంక అదోలా చూసేవాడట. చివరికి నమూనా కార్డు ఒకటి వేసి మేడమ్‌కి పంపించాడు.

మర్నాడు ఫోను నా గదిలో మోగింది. మామయ్య ప్రింటరు మూత తెరిచి లోపల తుడుస్తున్నాడు, చేతుల నిండా సిరా. నేనే ఎత్తాను.

"చాలా బాగా వచ్చింది," అన్నది మేడమ్. "మూడో గడి ఒక్కటే. అందులో పచ్చ కాస్త ఎక్కువైంది. అది తగ్గించి మొత్తం వేసేయండి. మళ్ళీ నమూనా పంపక్కర్లేదు, టైము లేదు."

చీటీ మీద రాశాను: మూడో గడిలో పచ్చ తగ్గించాలి. నమూనా అక్కర్లేదు, వేసేయమన్నారు.

మామయ్య చీటీ చదివి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. తడిగుడ్డ విప్పి, ఆకు తీసి, తన దగ్గరున్న పట్టీ పక్కన పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. తిరిగి నా గది గుమ్మంలోకి వచ్చాడు.

"ఆవిడ పచ్చ అనే అన్నదా?"

"పచ్చ అనే."

"నువ్వు సరిగ్గానే విన్నావుగా?"

"నా చెవులు బాగానే ఉన్నాయి మామయ్యా. అనుమానమైతే నువ్వే ఫోను చేసి అడుగు."

విసుగ్గానే అన్నాను. అప్పుడు ఫోటోలో ఒకామె ముక్కు సన్నం చేసే పనిలో ఉన్నాను. మామయ్య సిరా అంటిన చేతుల వంక చూసుకుని, ఫోను వంక చూశాడు.

"ఎందుకులే. అంత చదువుకున్న మనిషి, తెలియకుండా అంటుందా," అని వెళ్ళిపోయాడు.

మూడు వేల కార్డులు వేశాడు. మేడమ్ వచ్చి, కట్ట విప్పి, చేతిసంచీలోంచి ఒక ఆకు తీసి పక్కన పెట్టింది. మూడో గడి రెండో గడిలా పాలిపోయి ఉంది. ముందు నమూనాలో ఉన్నదానికంటే ఘోరంగా ఉంది. "నేను చెప్పిందేమిటి, మీరు చేసిందేమిటి?" అన్నది. గట్టిగా కూడా అనలేదు. యజమాని అందరినీ పైకి పిలిచి, ఎవరు చూసి వేశారని అడిగాడు.

"నేనే," అన్నాడు మామయ్య.

చీటీ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. చీటీలో తప్పేముందని నా ఉద్దేశం. ఆవిడ పచ్చ తగ్గించమన్నది, ఈయన మరీ ఎక్కువ తగ్గించేశాడు, అంతే అనుకున్నాను. నిజం చెప్పాలంటే, కళ్ళు పోయాయేమోనని నేను కూడా ఒక్క క్షణం అనుకున్నాను. కార్డులు ఆవిడ వేరే చోట వేయించుకుంది. మామయ్య తన టిఫిను డబ్బా తీసుకుని మెట్లు దిగాడు. బిస్కెట్ల డబ్బాలు అక్కడే వదిలేశాడు.

కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. చుక్కల్లో దాగిన అంకెలు చదవమంటే అన్నీ చదివాడు. కళ్ళు భేషుగ్గా ఉన్నాయన్నాడు డాక్టరు. మామయ్య ఇంటికొచ్చి, "ఆ చుక్కల పుస్తకం ఎవడు ముద్రించాడో, వాడి కళ్ళు ఎలా ఉన్నాయో," అన్నాడు. నవ్వుతాడేమోనని చూశాం. నవ్వలేదు.

తర్వాత ఆఫీసుల సందులో ఒక జిరాక్సు కొట్టులో చేరాడు. నలుపూ తెలుపూ తప్ప ఇంకేమీ లేని పని. ఇంట్లో మాత్రం ఆయనకి నిలకడ ఉండేది కాదు. టమాటా పట్టుకుని "ఇది ఎరుపేనా?" అని అత్తయ్యని అడిగేవాడు. దండెం మీద తువ్వాలు చూపించి "ఇది నీలమా, ఊదానా?" అనేవాడు. చెప్పాక కూడా వెళ్ళేవాడు కాదు, నిజమే చెప్పిందా, తనని ఓదార్చడానికి చెప్పిందా అని ఆమె మొహం వెతికేవాడు. అత్తయ్య ఎర్ర గళ్ళ చొక్కా ఒకటి కొని తెచ్చింది, ఇకనైనా మనిషిలా కనిపించమని. సరేనని వేసుకున్నాడు.

"ఆ బూడిద చొక్కాలే నయం రా," అన్నది అత్తయ్య నాతో, వంటింట్లో గొంతు తగ్గించి. "అవి వేసుకున్నన్నాళ్ళూ నన్ను ఎదురు తిట్టేవాడు. ఇప్పుడు ఏమన్నా సరే అంటున్నాడు. నాకు భయంగా ఉంది."

నన్ను ఆ కిటికీ గదిలో కూర్చోబెట్టారు. రంగులు కొలిచే చిన్న యంత్రం కూడా తెప్పించారు. మూడు వారాలకి నేనూ బూడిద చొక్కాలు వెయ్యడం మొదలుపెట్టాను. ప్రేమతో కాదు, అవి లేకపోతే పని తప్పుతోందని. ఎక్కడ కూర్చున్నా ముళ్ళ మీద కూర్చున్నట్టు ఉండేది. యజమాని మీద కోపం, నవ్వినవాడి మీద కోపం, తలూపినందుకు మామయ్య మీద అంతకంటే కోపం.

ఏడాదిన్నర గడిచింది. ఒక ఉదయం ఆ మేడమ్ పాస్‌పోర్టు ఫోటో కోసం వచ్చింది. కింద మనిషి లేకపోతే నేనే తీశాను. వెళ్ళబోతూ, "ఆ పచ్చ సంచీ ఇటందుకోండి," అన్నది.

వెనక్కి తిరిగి చూశాను. బల్ల మీద పచ్చ సంచీ లేదు. ఆకుపచ్చ అట్ట ఉన్న ఫైలు ఒకటి ఉంటే అది తీసి ఇచ్చాను.

"ఇది నాది కాదయ్యా. అదిగో, పచ్చది," అని వేలు చూపించింది.

కుర్చీ మీద ఒక గుడ్డ సంచీ ఉంది. పసుపు రంగుది.

నేను దాన్ని పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మా ఇంట్లో పచ్చ అంటే ఆకు రంగు. ఆవిడ పెరిగిన ఇంట్లో పచ్చ అంటే పసుపు రంగు. చెట్టునీ పచ్చని చెట్టంటాం, కామెర్లనీ పచ్చకామెర్లంటాం, రెండూ నా నోటితో వందసార్లు అన్నవే. నిఘంటువులో ఆ రెండు అర్థాలూ ఒకే పుటలో ఒకదాని కింద ఒకటి ఉంటాయి. నిలబడి అన్ని పుస్తకాలు చదివినవాణ్ణి, ఒక్క మాట దగ్గర పడిపోయాను. ఆవిడ పసుపు తగ్గించమన్నది. నేను పచ్చ అని రాశాను. మామయ్య ఆకుపచ్చ తగ్గించాడు. మూడో గడి పాలిపోక ఏమవుతుంది?

పైకి వెళ్ళి డబ్బాలన్నీ నేల మీద బోర్లించాను. తొమ్మిదో డబ్బాలో దొరికింది ఆ పట్టీ, దానికి గుచ్చిన నా చీటీ. వెనక మామయ్య పెన్సిలు రాత, ఒత్తులు సగం తప్పులు: "నా కంటికి మూడోదాంట్లో పసుపు ఒక పిసరు ఎక్కువ. ఆకుపచ్చ సరిగ్గా ఉంది. చీటీలో పచ్చ తగ్గించమని ఉంది. చీటీ ప్రకారం చేశాను."

ఆయన కంటికీ ఆవిడ కంటికీ కనిపించింది ఒకే తప్పు. మధ్యలో ఉన్నది నా చీటీ.

యజమాని గదికి తీసుకెళ్ళి చూపించాను. రెండుసార్లు చదివాడు. "అంటే తప్పు నీదన్నమాట," అన్నాడు.

"నాదే."

"సరేలే, ఆయన్ని రమ్మను. పాత గోల ఎందుకు, వచ్చి కూర్చోమను."

ఆ మధ్యాహ్నమే జిరాక్సు కొట్టుకి వెళ్ళాను. ఇది జరిగి నెల దాటింది. మామయ్యని అప్పుడు చూడటమే, మళ్ళీ కలవలేదు. యజమాని దగ్గరా ఇంకా ఏమీ తేలలేదు.

మామయ్య ఎర్ర గళ్ళ చొక్కాలో, ఎవరివో కాగితాలు పిన్ను కొడుతున్నాడు. సంచీ సంగతి మొదటి నుంచీ చెప్పాను. అడ్డు రాకుండా విన్నాడు. పట్టీ చేతికిచ్చాను. తన రాత చదువుకోలేదు. తిప్పి, రంగు వైపు చూశాడు. చూసి, కొట్టు బయటికి నడిచాడు. ఎండ పడని చోట ఆగాడు. తన చొక్కా వంక ఒకసారి చూసుకుని, చిరాకుగా నన్ను దగ్గరికి లాగి, ఆ పట్టీని నా బూడిద చొక్కా మీద, గుండె దగ్గర పెట్టి పట్టుకున్నాడు. తను ఒళ్ళు వెనక్కి వంచాడు, తన ఎరుపు దాని మీద పడకుండా. దారిన పోయేవాళ్ళు మమ్మల్ని చూసుకుంటూ పోతున్నారు.

"పసుపే," అన్నాడు. నన్ను అడగలేదు. "ఒక పిసరు."

"నేను సరిగ్గా రాయలేదు మామయ్యా."

"నువ్వు విన్నదే రాశావు. ఆవిడ తనకి తెలిసిందే చెప్పింది. పోయింది నా కళ్ళు కాదురా అల్లుడూ, ఆ రోజు నా నోరు పోయింది. నా ఎదురుగా ఆకు ఉంది, ఫోను ఉంది. ఏ పచ్చ అమ్మా అని అడగడానికి నాకు సిగ్గేసింది. కూలిపని చేసేవాడు కూడా అడుగుతాడు, ఎక్కడ తవ్వమంటారని."

"సార్ నిన్ను వచ్చెయ్యమన్నారు."

"ఎక్కడన్నాడు? అందరి ముందా, గదిలోనా?"

"గదిలో."

"ఊఁ," అని పట్టీ నా చేతిలో పెట్టాడు. "కళ్ళు పోయాయన్నది పదకొండు మంది ముందు. పోలేదన్నది కూడా అక్కడే అనమను. అప్పుడు చూద్దాం. మీ అత్తయ్య ఆ చొక్కాలు పారేసిందో, దాచిందో కూడా కనుక్కోవాలి."

లోపల ఎవరో తొందరపెడుతుంటే వెళ్ళాడు. నేను సందు చివరిదాకా వచ్చాక వెనక నుంచి కేక వేశాడు. తిరిగి చూస్తే గుమ్మంలో నిలబడి నా జేబు వైపు వేలు చూపిస్తున్నాడు.

"ఒరేయ్, కొత్త చొక్కా మీద సిరా మరక చేసుకున్నావు. అది నీలం అనుకుని ఉంటావు. వంకాయ రంగు అది, ఎరుపు కాస్త ముందుంది. ఇంటికెళ్ళి నానబెట్టు."